బూడిద బకెట్

సోమవారం పొద్దున కూడా అద్దం నల్లగానే ఉంది.

అట్రాక్టా గావిగన్ పాత గోనెసంచి మడిచి మోకాళ్ళ కింద వేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. గోడపొయ్యి నోట్లో బిగించిన ఇనప పెట్టె అది. పట్నం నుంచి వచ్చిన కుర్రాడు పాత ఊచల జల్లెడ పీకేసి, పొగగొట్టంలో ఉక్కు గొట్టం దింపి, సెప్టెంబరులో దాన్ని బిగించి వెళ్ళాడు. ముందు అద్దం తలుపు. గాలి వదలడానికి కింద ఒక మీట, పైన ఒక మీట. ఆ పెట్టె ఇల్లంతా వెచ్చబెట్టాలి. ఇప్పటిదాకా అది చేసిందల్లా తన అద్దాన్ని తాను నలుపు చేసుకోవడమే.

ఆమె తలుపు తీసింది. సగం కాలి ఆరిపోయిన రెండు దుంగలు పక్కన పెట్టింది. చిన్న పారతో బూడిద ఎత్తి బకెట్‌లో పోసింది. మూలల్లో ఉన్నదాన్ని పొట్టి చీపురుతో ముందుకు లాగి, అదీ ఎత్తింది. అడుగున ఇటుకల పసుపురంగు కనబడేదాకా తుడిచింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమె రోజు ఈ పనితోనే మొదలవుతుంది. ఊబినేలలో కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చే పీటు గడ్డలకి బూడిద ఎక్కువ. పొద్దున్నే తియ్యకపోతే జల్లెడ పూడిపోయి నిప్పుకి ఊపిరాడదు. పొయ్యి తుడవని ఇల్లాలి గురించి క్లూన్‌బ్రాక్ ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అనరు. ఆ ఇంట్లో టీ తాగరు, అంతే.

వెనక కుర్చీలో మలాకీ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మెడకి మఫ్లరు. పోయిన భర్త ఫింటన్‌కి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. 

"నీ టీవీలో ఇవాళ ఏం బొమ్మ, వదినా?" అన్నాడు, పొయ్యి అద్దం వైపు గడ్డం ఊపి.

"ఇంకా మొదలవలేదు."

"రాత్రి బొమ్మ బాగానే ఉంది. చీకటి గదిలో నల్లపిల్లి." నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు తెగడానికి కొంచెంసేపు పట్టింది. అట్రాక్టా చీపురు ఆపి, అది తెగేదాకా వెనక్కి తిరగకుండా విని, మళ్ళీ తుడిచింది.

శుక్రవారం ఇంటిపూజ. ఊళ్ళో వంతులవారీగా ఒక్కో ఇంటికి ఫాదర్ వస్తారు, ఊరంతా ఆ ఇంటి ముందుగదిలో చేరుతుంది. పోయిన వంతు కన్సెప్టా టార్పీ ఇంట్లో. అక్కడే పూజ అయ్యాక, టీలు తాగుతుంటే, మగవాళ్ళు ఊబి గురించి మొదలెట్టారు. తాతల నాటినుంచి చేత్తో కోసుకున్న ఊబిని ప్రభుత్వం మూసేసింది. అరుదైన నాచు ఉందట, పక్షులు ఉన్నాయట. "యంత్రాలేసి ఎకరాలకెకరాలు గీకినవాళ్ళకి ఆ పక్షులు కనబడలేదు. మా పార కిందే కనబడ్డాయి," అన్నాడు మలాకీ. అందరూ తలలూపారు. అప్పుడు అట్రాక్టా కప్పు కింద పెట్టి అంది: "అన్యాయమే. కానీ ఎంత ఏడ్చినా అది మళ్ళీ తెరవరు. కట్టెతో కూడా ఇల్లు వెచ్చబడుతుంది. మా వంతు వచ్చినప్పుడు వచ్చి చూడండి."

ఊగుతున్న తలలు ఆగిపోయాయి. మలాకీ లేచి బయటికి వెళ్ళి, కారు పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు వాళ్ళంతా వచ్చి చూడబోతున్నారు. అది కాకపోయినా, శుక్రవారం దాటాక నవంబరు ఉంది, ఆ వెనక చలికాలమంతా ఉంది, ఈ దగ్గు ఉంది.

మంగళవారం కన్సెప్టా కారు నిండా కుర్చీలతో వచ్చింది. ఇంటిపూజ అంటే ఊళ్ళో కుర్చీలన్నీ ఒక ఇంటికి చేరవలసిందే. మంచి కప్పులు పాత పేపర్లలో చుట్టి తెచ్చింది. బల్ల మీద వాటిని ఒక్కొక్కటీ విప్పుతూ గది నాలుగు మూలలూ చూసింది.

"కోటు విప్పు కన్సెప్టా. టీ పెడతాను."

"కోటు ఉండనీలే తల్లీ. విప్పితే చలికి పోతాను, రేపు నా చావుపూజ చెయ్యాలి ఫాదర్." పొయ్యి దగ్గరికి వెళ్ళి వంగింది. లోపల రెండు దుంగలు బుసలు కొడుతున్నాయి, కోసిన అంచుల దగ్గర నీళ్ళు నురగలా వస్తున్నాయి. "కింద గాలి మీట తెరిచావా?"

"పూర్తిగా తెరిచాను."

"బూడిద తీశావా?"

"పొద్దున్నే. లోపల అద్దంలా ఉంది."

"అద్దం తప్ప అన్నీ అద్దంలానే ఉన్నాయి."

మలాకీ పేపరు వెనకనుంచి చిన్నగా దగ్గాడు. అది జబ్బు దగ్గు కాదు.

వెళ్ళేముందు కన్సెప్టా కారు డిక్కీ లోంచి రెండు బస్తాలు లాగి వరండాలో పెట్టింది. పీటు గడ్డలు. ఊబి మూయకముందు కోసినవి, ఎండి గట్టిపడ్డవి. వాటి వాసన తలుపులోంచి లోపలికి వచ్చింది.

"శుక్రవారానికి ఇవి వేసుకో. ఫాదర్ తలుపు తీసి చూడబోరు."

"చూసేది ఫాదర్ కాదు, నువ్వు."

"నేను ఎవరికి చెబుతాను?"

గేటు దాటేలోపే చెబుతావు అనుకుంది అట్రాక్టా. బయటికి మాత్రం, "నీ మంచితనం," అంది. బస్తాలు వరండాలోనే ఉండిపోయాయి. మలాకీ వాటిని చూశాడు. వెనక్కి ఇచ్చెయ్యమనలేదు, లోపలికి తెమ్మనలేదు.

బుధవారం ఆమె పొయ్యి బిగించిన కుర్రాడికి ఫోన్ చేసింది. అతను ఎక్కడో ఇంటికప్పు మీద ఉన్నాడు, గాలి హోరు వినబడుతోంది. కట్టె పచ్చిగా ఉంది అన్నాడు. పై మీట ఎప్పుడూ మూయొద్దు, ఆ గాలే అద్దాన్ని కడుగుతుంది అన్నాడు. పెద్ద దుంగలు కింద, చితుకులు పైన పెట్టి, పైనుంచి అంటించమన్నాడు.

"పైనుంచా?"

"పైనుంచేనండీ. కొవ్వొత్తిలాగా."

రాత్రి నిప్పు నిలవడానికి రెండు మీటలూ మూసేస్తున్నానని ఆమె చెప్పింది. అతను మర్యాదగా, "అది పీటుకి చేసే పనండీ. కట్టెని మూసేస్తే పొగే మిగులుతుంది," అన్నాడు. బూడిద గురించి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. పొయ్యి తుడవడం గురించి ఫోన్ చేసి అడిగే ఆడది ఆ జిల్లాలో ఎక్కడా లేదు.

ఆమె ఏప్రను మీద కోటు తొడుక్కుని కొట్టంలోకి వెళ్ళింది. సికమోర్ చెట్టు దుంగలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. మట్టి మీద మట్టి పడ్డట్టు వచ్చింది చప్పుడు. వాటిని ఎడమవైపు పడేసింది. ఇంకో రెండు. అదే చప్పుడు. వరసల్లో లోపలికి వెళ్ళి, గోడకి ఆనుకున్నవి లాగింది. వాటిని కొడితే కంచు గిన్నెల్లా మోగాయి. వాటి చివర బీటలు పడి ఉన్నాయి, బెరడు గోటితో లాగితే ఊడి వచ్చింది. అవి కుడివైపు. అలా కొట్టి, విని, విసురుతూ పోయింది. కాసేపటికి కొట్టక్కర్లేకుండా చేతిలో బరువు చూసే చెప్పగలిగింది. అయినా కొట్టింది.

తలుపు దగ్గర మలాకీ నిలబడి వింటున్నాడు.

"బ్యాండు మేళమా?"

"పచ్చివి మాట్లాడవు. ఎండినవి మాట్లాడతాయి. నువ్వే విను."

ఆమె తర్వాత కొట్టినప్పుడు అతను తల కొంచెం పక్కకి వంచాడు.

కుడివైపు కుప్ప పెరిగాక ఆమె చుట్టూ చూసింది. మూలలో గోడకి ఆనించి పీటు తోపుడుబండి ఉంది. చెక్క బండి, ముందు ఒంటి ఇనప చక్రం. ఫింటన్, మలాకీ అన్నదమ్ములిద్దరూ తమ పడుచువయసులో చేసుకున్నది. ఒకడు కోస్తే ఒకడు తోసేవాడు. దాని పైన మేకుకి పీటు కోసే పార వేలాడుతోంది.

"దీంట్లో వేసి తోసుకుపోనా, ఇంట్లోకి?"

"అది పీటు బండి," అన్నాడు మలాకీ.

ఆమె దుంగలు చేతుల మీద పేర్చుకుని మోసింది. ఎన్నిసార్లు తిరిగిందో ఆమె లెక్కపెట్టలేదు. మలాకీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం పైనుంచి అంటించింది. మంట లేచింది. అద్దం నిజంగానే తేటగా ఉంది. ఆమె ఏప్రనుకి చేతులు తుడుచుకుని వెనక్కి జరిగి కూర్చుంది. చితుకులు అయిపోగానే మంట కుంగింది. దుంగలు ఎర్రబడ్డాయి, కణికలు రాలి ఇటుకల మీద పడ్డాయి, పడ్డవి పడ్డట్టే నల్లబడ్డాయి. ఇంకో దుంగ వేసింది. అది కూర్చుని పొగ వదిలింది. కింది మీట ఇంకా తెరిచింది. సన్నటి చల్లగాలి వచ్చి కణికల్ని ఒకసారి ఎర్రగా ఊది, తినేసి వెళ్ళిపోయింది.

మలాకీ మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఈసారి టీవీ మాట ఎత్తలేదు. కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇటుకల మీద చచ్చిపోయిన కణికల్ని చాలాసేపు చూశాడు.

గురువారం పొద్దున బకెట్ లేదు.

చీపురూ లేదు, చిన్న పారా లేదు. అట్రాక్టా సింకు కింద చూసింది, వరండాలో చూసింది, కోళ్ళగూటి వెనక చూసింది.

"మలాకీ, బూడిద బకెట్ చూశావా?"

"దానికి కాళ్ళొచ్చాయేమో."

"పరాచికాలకి టైము లేదు నాకు. రేపు పూజ. పొయ్యి నిండా నిన్నటి బూడిద."

"ఒక్కరోజు తుడవకపోతే పోపుగారికి కబురు వెళ్ళదులే."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని చూసింది. అతను పేపరులో చావు వార్తలు చదువుతున్నాడు. పంది తొడ ఉడకబెట్టాలి, ఆపిల్ పేస్ట్రీ కాల్చాలి, తెల్ల దుప్పటి ఇస్త్రీ చెయ్యాలి, బల్ల గోడ దగ్గరికి జరపాలి. వంటగది చేటతో ఎత్తుదామనుకుంది, మళ్ళీ ఆ చేటతోనే రేపు గదిలో చెత్త ఎత్తాలి. చివరికి పళ్ళు బిగించి, బూడిదని పుల్లతో ఎగుడుదిగుళ్ళు లేకుండా సర్ది, దాని మీదే రెండు దుంగలు పెట్టింది. ఎవరైనా కిటికీలోంచి చూస్తారేమోనని ఒకసారి వెనక్కి చూసింది కూడా.

చితుకుల బుట్ట నిండుగా ఉంది. నిన్న ఖాళీ. వేలి మందాన, ఒకే పొడవున చీల్చిన పుల్లలు. ఒకటి విరిస్తే టప్పున విరిగింది. మలాకీ కంచె గుంజ ఏదో చీల్చి ఉంటాడు అనుకుంది. ఒక పుల్లలో సగం రంధ్రం ఉంది, దాని చుట్టూ తుప్పు మరక. ఆమె వాటిని అడ్డంగా నిలువుగా పేర్చి, పైన అంటించి, వంటగదిలోకి పరిగెత్తింది.

పంది తొడ నీళ్ళు మరిగేటప్పటికి తిరిగి వచ్చింది. చితుకులు అయిపోయాయి. మంట కుంగలేదు. దుంగలు పైనుంచి కిందికి కాలుతున్నాయి, రాలిన కణికలు బూడిదలో సగం మునిగి, మునిగిన చోటే ఎర్రగా ఉన్నాయి. ఆమె కింది మీట మెల్లగా మూసింది. ఏమీ ఆరలేదు. ఇంకో దుంగ వేసింది. దాని బెరడు ఒక్క క్షణం పొగ వదిలి, అంచుల వెంట అంటుకుంది. అద్దం వెనక మంట తొందర లేకుండా ఊగుతోంది.

ఇస్త్రీ మధ్యలో ఒకసారి, పేస్ట్రీ వంటగది ఓవెన్‌లో పెట్టాక ఒకసారి వచ్చి చూసింది. మధ్యాహ్నం తలుపు తీసి ఇనప పుల్లతో బూడిద పొర పక్కకి తోసింది. కింద అంతా నిప్పు.

ఆమె పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇదే గోడపొయ్యిలో, జల్లెడ ఇంకా రాని రోజుల్లో, అత్తగారు పొద్దుగూకాక చేత్తో కణికల్ని దగ్గరికి చేర్చి, వాటి మీద నివురు కప్పి, శిలువ గుర్తు వేసేదని ఫింటన్ చెప్పేవాడు. పొద్దున్నే ఆ నివురు తీసి ఊదితే నిప్పు లేచేదట. అత్తగారు బూడిద తీసేది గానీ మొత్తం ఎన్నడూ తీసేది కాదట. అది నిప్పు పడుకునే చోటు. జల్లెడ తర్వాత వచ్చింది. ఇటుకలు మెరిసేలా తుడవడం జల్లెడతో వచ్చింది. అట్రాక్టా కూడా ఈ ఇంటికి ఆ జల్లెడతోటే వచ్చినట్టు లెక్క.

వెనక్కి తిరిగింది. మలాకీ పేపరు పక్కన పెట్టి నిద్రపోతున్నాడు. మఫ్లరు విప్పి కుర్చీ చేతి మీద వేసి ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె బకెట్ కోసం వెతకలేదు. కణికల మీద రెండు దుంగలు వేసి, పుల్లలు పేర్చింది. అగ్గిపుల్ల గీసేలోపే కింద ఒక పుల్ల దానంతట అదే అంటుకుంది.

పది గంటలకి గది నిండింది. తెల్ల దుప్పటి మీద శిలువ, రెండు కొవ్వొత్తులు. ఫాదర్ లావెల్ వెనక గదిలో ముగ్గురి పాపాల ఒప్పుకోలు విని, చేతులు రుద్దుకుంటూ వచ్చి, రుద్దడం ఆపేశారు. పొయ్యి వైపు ఒకసారి చూశారు. కన్సెప్టా మొదటి వరసలో, పొయ్యి పక్కనే కూర్చుంది. కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకునే ఉంది.

మొదటి బైబిలు పఠనంలో మెడ బొత్తాం విప్పింది. సువిశేషం చదవబోతే అందరూ లేచినప్పుడు మిగతావి విప్పింది. ప్రసంగంలో ఫాదర్ చెప్పింది మంచి మాటే, కానీ కుర్చీలు కీచుమంటూ అంగుళం అంగుళం వెనక్కి జరగడం వల్ల చాలామందికి వినబడలేదు. అట్రాక్టా తల వంచుకుని వేళ్ళ మధ్య జపమాల తిప్పుతూ ఆ కుర్చీల చప్పుడు విన్నది. మొన్న ఎండిన దుంగల చప్పుడు విన్నట్టే విన్నది. దివ్యసత్ప్రసాదం పంచే వేళకి కన్సెప్టా కోటు ఆమె ఒళ్ళో మడతపెట్టి ఉంది.

ఆశీర్వాదం ఇవ్వబోతూ ఫాదర్ నుదురు తుడుచుకున్నారు. "ఆ వీధి తలుపు కొంచెం తియ్యమ్మా అట్రాక్టా. మమ్మల్ని ఇవాళే పాపాలకి కాల్చెయ్యకు."

అందరూ నవ్వారు. ఆమె లేచి తలుపు తీసింది. చలిగాలి లోపలికి వచ్చింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

టీలు పోస్తుండగా కన్సెప్టా పొయ్యి ముందు వంగింది. అద్దం తేటగా ఉంది. అద్దం తేటగా ఉండబట్టే లోపలంతా కనబడింది.

"అయ్యో తల్లీ," అంది, కావలసినదానికన్నా గట్టిగా. "బూడిద తియ్యలేదే! ఇంటిపూజ రోజున!"

పక్కనున్నవాళ్ళ కప్పులు సాసర్ల మీద ఆగాయి. అట్రాక్టా చేతిలో టీ కెటిల్ ఉంది. మొహం వేడెక్కింది, అది పొయ్యి వల్ల కాదు. ఆమె నోరు తెరిచేలోపు మూలనుంచి మలాకీ గొంతు వచ్చింది.

"మా అమ్మ ఎప్పుడు తీసింది, కన్సెప్టా?"

"ఏంటి?"

"బూడిద. చిన్నప్పుడు బడినుంచి వచ్చి మా పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నదానివే కదా నువ్వు. ఇటుకలు ఎప్పుడైనా చూశావా అక్కడ?"

కన్సెప్టా ఆలోచించింది. "అప్పుడు జల్లెడ లేదుగా."

"ఇప్పుడూ లేదు." అతను కప్పు నేల మీద పెట్టాడు. "పీటుకి కిందనుంచి ఊపిరి కావాలి. కట్టె అలా కాదు. దానికి పైనుంచి ఊపిరి, కింద పరుపు. పరుపు తీసేసి పడుకోమంటే నువ్వు పడుకుంటావా?"

"ఇదంతా నీకెలా తెలుసయ్యా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఊబి గురించి పోయినసారి అందరికన్నా గట్టిగా తల ఊపినవాడే.

"వారం రోజులుగా టీవీ చూస్తున్నా," అన్నాడు మలాకీ.

ఫాదర్‌తో సహా అందరూ నవ్వారు. అట్రాక్టా టీ పోసింది. తర్వాత ఇద్దరు ముగ్గురు పొయ్యి ముందు చేరి, మీటలు ఎటు జరపాలో, దుంగలు ఎండాయో లేదో ఎలా తెలుస్తుందో అడిగారు. ఆమె రెండు దుంగలు తీసి కొట్టి వినిపించింది.

కన్సెప్టా కారెక్కేటప్పుడు మలాకీ వరండాలోంచి పీటు బస్తాలు ఒకటి తర్వాత ఒకటి మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు. రెండోదానికి ఆయాసం వచ్చింది. కారు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఉంచుకోండి, నాకెందుకు," అంది ఆమె.

"దాచుకో. మళ్ళీ దొరకవు," అన్నాడు. డిక్కీ మూసే ముందు పై బస్తా లోంచి ఒక గడ్డ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి లోపల పెట్టాడు.

జనం వెళ్ళాక అట్రాక్టా కట్టెల కోసం కొట్టంలోకి వెళ్ళింది. మూలలో బండి లేదు. మేకుకి పార ఉంది. పార కింద ఇనప చక్రం గోడకి ఆనించి ఉంది. పక్కన పాత జాం సీసా, అందులో తుప్పుపట్టిన మరలు, నట్లు. చక్రం వెనక గోనెసంచి కప్పి ఏదో ఉంది. ఎత్తి చూసింది. ఆమె బకెట్. దాంట్లో చీపురు, చిన్న పార. వాటి చుట్టూ, అంచుదాకా, వేలి మందాన చీల్చిన పుల్లలు, కొసలన్నీ ఒకే ఎత్తున.

ఒక పుల్ల తీసింది. ఒక పక్క నున్నగా, నల్లగా మెరుస్తోంది. బండి పిడి అది. ఏళ్ళ తరబడి అన్నదమ్ముల అరచేతులు పట్టిన చోటు. బొటనవేలితో దాని మీద ఒకసారి రాసి, ఎక్కడినుంచి తీసిందో అక్కడే పెట్టింది. గోనెసంచి ముందున్నట్టే కప్పింది.

చేతుల నిండా దుంగలతో లోపలికి వచ్చింది. మలాకీ తన కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూస్తున్నాడు.

"బకెట్ దొరికిందా, వదినా?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తలుపు తీసి, కణికల మీద ఒక దుంగ పెట్టింది. అది అంటుకునేదాకా ఆగింది.

"లేదు," అంది.

"ఎక్కడికి పోతుందిలే," అన్నాడు మలాకీ. మడమలు నేలకి తన్నిపెట్టి, కుర్చీని పొయ్యి నుంచి ఒక అడుగు వెనక్కి జరుపుకున్నాడు.